యశోదమ్మ చెవి, సుభద్ర జాడీ

ఎవరింటికైనా వెళ్తే మనమంతా ముందు మనుషుల్ని పలకరిస్తాం. నంద్యాల యశోదమ్మ మాత్రం ముందు ఊరగాయ జాడీని పలకరించేది. గడప దాటీ దాటకముందే "జాడీలు యాడుండాయి?" అనేది. ఇంటివాళ్లు కాళ్లకు నీళ్లు తెచ్చేసరికి ఆమె వంటింట్లో మోకాళ్లమీద కూర్చుని, జాడీ బొజ్జకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటూ ఉండేది. డాక్టరు రొమ్ముమీద గొట్టం పెట్టి వింటాడు చూడండి, అచ్చం అట్లాగే. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ దగ్గకూడదు.

"మంచి ఊరగాయ నిద్రపోతాది, చెడిన ఊరగాయ మాట్లాడ్తాది" అనేది ఆమె సిద్ధాంతం.

వినడం అయ్యాక వాసన చూసేది. ఆ తరువాత విచారణ మొదలు. కాయలు తుడిచినారా? ఎవరు తుడిచినారు? తుడిచిన గుడ్డ ఎండలో ఆరిందా, నీడలో ఆరిందా? ఉప్పెంత? నూనె ముక్కమీదికి తేలిందా లేదా? ఇదంతా అయ్యాక తీర్పు. ఆమె దగ్గర తీర్పులు మూడే ఉండేవి. తినొచ్చు. తినొద్దు. పూడ్చండి. మూడోది వినబడితే ఆ ఇంటి ఆడవాళ్లు కళ్లొత్తుకునేవాళ్లు, మగవాళ్లు పార వెతికేవాళ్లు.

ఆళ్లగడ్డ కోడలిగా వచ్చిన సుభద్రకు ఈ యశోదమ్మ వరుసకు పెద్దత్త. అంటే అత్తగారు శ్రీరంగమ్మకు పెదనాయన కూతురు. కాపురానికి వచ్చిన కొత్తలో సుభద్ర భర్త వరదరాజులు రోజుకొక కథ చెప్పి ఆమెను నవ్వించేవాడు. అన్నీ యశోదమ్మ కథలే.

"ఒకసారి మా పెద్దమ్మ నంద్యాల నుంచి ఈడికి బస్సులో వస్తాంది. పక్కన చాగలమర్రి రైతు ఒగాయన, ఒళ్లో జాడీ. శిరివెళ్ల దాటినాక మా పెద్దమ్మ ఒక్కసారి లేచి నిలబడింది. 'బస్సు ఆపప్పా, ఈ జాడీ ఊపిరి తీస్తాంది' అనింది."

"ఆపినారా?"

"యాడ ఆపుతారు! కండక్టరు గురుస్వామి వచ్చి, 'అమ్మా, జాడీకి టిక్కెట్టు తీసుకున్యాడు. అది ఊపిరి తీసినా, పాట పాడినా మనకేమి?' అన్యాడు. అన్యాడా, బస్సు గుంతలో పడింది. మూత లేచి పైకప్పుకు తగిలింది. గురుస్వామి తల నుంచి కాలిదాకా ఊరగాయ."

"అయ్యో! తరువాత?"

"తరువాతేముంది, మా పెద్దమ్మ ఆయన చొక్కా వాసన చూసి, 'పూడ్చండి' అనింది. గురుస్వామి ఆయన్నే పూడ్చమంటాందనుకోని బస్సు దిగి పరిగెత్తినాడు."

ఇంకో కథ గడివేములలో జరిగిన ఒక పెళ్లిది. బంతిలో మగపెళ్లివాళ్లంతా వేడి అన్నంలో ఊరగాయ కలుపుకుని ముద్ద ఎత్తారు. "ఆగండి! నోట్లో పెట్టుకోవద్దండి!" అని వంటశాల గుమ్మంలో నుంచి కేక. ఎత్తిన ముద్దలు ఎత్తినట్లే ఉన్నాయి. లోపల యశోదమ్మ జాడీకి చెవి పెట్టింది. వరుడి మేనమామకు చెయ్యి నొప్పి పుట్టి ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. చాలాసేపటికి లోపలి నుంచి "తినొచ్చు" అని వినబడింది. అప్పటికి అన్నం చల్లారిపోయింది. ఆ మేనమామ తరువాత బతికినంతకాలం ఎవరు అన్నం వడ్డించినా, ముద్ద ఎత్తి ఒకసారి వంటింటివైపు చూసేవాడట.

ఇక వంటల పుస్తకాలన్నా, వారపత్రికల్లో వంటల పేజీలన్నా ఆమెకు పిచ్చికోపం. మధ్యాహ్నాలు పక్కింటి సరస్వతమ్మ పత్రిక తెచ్చి అరుగుమీద చదివేది.

"మామిడికాయలు తుడిచి ముక్కలు కోసి, ఆవపిండి, కారం సమంగా కలిపి, ఉప్పు రుచికి తగినంత..."

"ఆగు. ఉప్పెంత?"

"రుచికి తగినంత."

"ఎవురి రుచికి?"

"తినేవాళ్ల రుచికి, ఇంకెవురి రుచికి వదినా?"

"ఊరగాయను మనకంటే ముందు తినేది బూజు. బూజు రుచికి ఉప్పు రవ్వంత సరిపోతాది. రాసినోళ్లు బూజు తరపున రాసినారా, మన తరపున రాసినారా? అదేదో తేల్చమను!"

'రుచికి తగినంత' అన్న మాట యశోదమ్మకు బూతుమాటతో సమానం. పిల్లలు కొట్లాడుకుంటే ఒకరినొకరు తిట్టుకోకుండా ఆమె అరుగు దగ్గరికి వచ్చి, ఆ మాట అని పారిపోయేవాళ్లు. ఆమె విసనకర్ర విసిరేది. అది ఒక్కనాడూ ఎవరికీ తగల్లేదు.

గ్రామసేవికగా కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఆడవాళ్లనందరినీ కూర్చోబెట్టి, మామిడిపండ్ల గుజ్జును గాజుసీసాల్లో పోసి, నీళ్లలో మరిగించి, మూత బిగించడం నేర్పించింది. యశోదమ్మ మొదటి వరసలో కూర్చుని, చల్లారిన సీసాను చెవి దగ్గర పెట్టుకుంది. "నిద్రపోతాంది" అని ఒప్పుకుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతలో వెనకనుంచి ఎవరో "చిక్కుడుకాయలు కూడా ఇట్లే పెట్టొచ్చునా అమ్మా?" అన్నారు.

యశోదమ్మ గిర్రున తిరిగింది. "మామిడికి పులుపుండాది. చిక్కుడుకాయకేముండాది? పులుపు లేదు, ఉప్పు లేదు, ఏం చూసుకోని ఉంటాది ఆ సీసాలో?"

"మాకూ అదే చెప్పినారు పెద్దమ్మా" అంది గ్రామసేవిక నవ్వుతూ. "పులుపు లేని కూరగాయలు ఇంట్లో ఇట్ల పెట్టొద్దు, వాసన బాగున్నా లోపల విషం కావచ్చునని."

తనతో ఏకీభవించిన మొదటి చదువుకున్న మనిషిని చూసి యశోదమ్మ ఎంత మురిసిపోయిందంటే, ఆ అమ్మాయిని ఇంటికి తీసుకుపోయి జాడీలన్నీ వరసగా వినిపించింది. పాపం, ఆ అమ్మాయికి సాయంత్రం బస్సు తప్పిపోయింది.

ఈ కథలకు సుభద్ర పడిపడి నవ్వేది. ఎదురింటి పద్మమ్మ సంగతి తెలిసిన రోజున మాత్రం నవ్వు ఆగిపోయింది.

పద్మమ్మకు మనవరాళ్లున్నారు. అయినా ఆళ్లగడ్డలో ఆమెను ఎవరడిగినా 'బూజు పద్మమ్మ' అనే చెప్పాలి. ఉట్టి పద్మమ్మ అంటే పోస్టుమాను కూడా తల గోక్కునేవాడు. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది ఆమె పెట్టిన ఊరగాయ బూజు పట్టింది. అప్పుడు పడుచుగా ఉన్న యశోదమ్మ చుట్టపుచూపుగా వచ్చి, ఆ జాడీ చూసి, వీధి చివరదాకా వినబడేట్టు "పూడ్చండి" అని అరిచింది. అంతే. పద్మమ్మ చెయ్యి మంచిది కాదని ఊరంతా తేల్చేసింది. పెళ్లికైనా పేరంటానికైనా ఆమె వస్తే ఆడవాళ్లు జాడీలకు అడ్డంగా కూర్చునేవాళ్లు. పద్మమ్మ ఆ తరువాత ఊరగాయ పెట్టనేలేదు.

నయాపైసలు వచ్చిన ఏడాది ఎండాకాలం. శ్రీరంగమ్మ కూతురి కాన్పుకని పగిడ్యాలకు బయలుదేరుతూ, మెడ దగ్గర పెచ్చు ఊడిన పెద్ద జాడీ తీసి కోడలి ముందర పెట్టింది.

"ఇది మా అమ్మ జాడీ. ఈ ఏడు ఊరగాయ నీ చేత్తో పెట్టు. నేనొచ్చేటప్పుడు మా తమ్ముడు కృష్ణస్వామిని పిల్చుకోనొస్తా. వాడే మొదటి ముద్ద తినేది. పద్మమ్మ కత తెలుసు కదా?"

"తెలుసు అత్తమ్మా."

"ఆ, అంతే" అంటూ శ్రీరంగమ్మ బండి ఎక్కింది.

సుభద్రది అహోబిలం. తండ్రిది గుడి వంటశాలలో సేవ. స్వామికి నైవేద్యం పెట్టకముందు రుచి చూడటం ఆ ఇంట్లో మహాపాపం. ఉప్పు చూడరు, పులుపు చూడరు, వాసన కూడా పీల్చరు. అంతా చేతి అంచనా. పులిహోర, పొంగలి, చక్కెరపొంగలి, అన్నీ ఆ పిల్ల కళ్లు మూసుకుని చేయగలదు. అయితే ఆ పిల్ల నాలుక, చేస్తున్న వంట దరిదాపుల్లోకి ఎన్నడూ పోలేదు. పుట్టింట్లో ఊరగాయలు అమ్మమ్మ పెట్టేది. సుభద్ర పక్కన నిలబడి విసనకర్ర విసిరేది.

చేసేదిలేక వారపత్రిక తెరిచింది. ఆవపిండి ఇంత, కారం ఇంత, నూనె ఇంత అని రాసి ఉంది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి, మీరు ఊహించిందే. రుచికి తగినంత.

రుచి చూడమని పత్రిక అంటోంది. చూడొద్దని పుట్టిల్లు అంటోంది. సుభద్ర పుట్టింటి మాటే విని, కూరలోకి వేసే లెక్కన ఉప్పు వేసి, స్వామికి దండం పెట్టి, జాడీకి గుడ్డ కట్టేసింది.

అత్తగారు ఎల్లుండి వస్తున్నట్లు కబురు వచ్చిన రోజు పొద్దున, సుభద్ర వంటింట్లో వంగి బియ్యం ఏరుతుంటే వెనక నుంచి ఎవరో గుసగుసలాడినట్లయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. జాడీ ఉంది. గుడ్డ విప్పింది. పైన పత్తి పరిచినట్టు తెల్లటి బూజు. అంచుల్లో నురగ. ఒక బుడగ మెల్లగా పైకొచ్చి టప్పున పగిలింది.

సుభద్ర గబగబా గుడ్డ కట్టి, ఏం చేయాలో తెలియక దానిమీద ఒక పీట, పీటమీద రుబ్బురాయి పొత్రం పెట్టింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో గొంతు వినబడింది.

"ఇంట్లో ఎవురుండారు? జాడీలు యాడుండాయి?"

సుభద్ర చప్పున జాడీకి అడ్డంగా నిలబడింది.

"రా పెద్దత్తా. కూచో. కాఫీ తాగుతావా?"

"కాఫీ యాడికీ పోదు. అడ్డం లే అమ్మీ."

"ఈడ ఏమీ లేదు పెద్దత్తా."

"ఏమీ లేనిదానికి పొత్రం ఎందుకు పెట్టినావు? ఎగిరిపోతాదనా?"

యశోదమ్మ పొత్రం దించింది, పీట తీసింది, మోకాళ్లమీద కూర్చుని చెవి పెట్టింది. ఈసారి ఎక్కువసేపు వినాల్సిన పని పడలేదు.

"ఏమంటాందో తెల్సునా?"

"ఏమంటాంది పెద్దత్తా?"

"ఉప్పో మొర్రో అంటాంది. ఉప్పెంత పోసినావు?"

సుభద్ర తల వంచుకుని గొణిగింది. "రుచికి తగినంత."

యశోదమ్మ ముఖం ఎర్రబడింది. చెయ్యి విసనకర్ర కోసం వెతికింది. "రుచి చూసినావా?"

"లేదు పెద్దత్తా. మా ఇంట్లో స్వామికి పెట్టకముందు రుచి చూడరు."

"జాడీలో మాంకాయను ఏ స్వామికి పెడ్తావే నువ్వు? మీ కృష్ణస్వామి మామకా?"

అంతే, సుభద్ర కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. యశోదమ్మ నోరు తెరిచింది. మూడోమాట నాలుకచివరిదాకా వచ్చింది. అదే సమయానికి ఎదురింట్లో పద్మమ్మ వాకిలి ఊడుస్తూ కనబడింది. యశోదమ్మ ఆ తెరిచిన నోరు అట్లాగే మూసేసింది. ఆమె చరిత్రలో అట్లా జరగడం అదే మొదలు.

తరువాత లేచి, చీర కుచ్చెళ్లు దోపుకుని, జాడీని చంకనెత్తుకుని వీధిలోకి వచ్చి అరిచింది.

"ఈ జాడీ నా చెవికి చిక్కడంలేదు! దీన్ని నంద్యాలకు తీస్కపోయి నిదానంగా పరీక్ష చేయల్ల!"

వీధిలో ప్రతి గుమ్మంలోనూ ఒక తల మొలిచింది. కొత్తకోడలి జాడీని యశోదమ్మ జప్తు చేసిందన్న వార్త బస్సు కంటే ముందే ఊరు దాటింది. బస్సు దగ్గర గురుస్వామి ఆ జాడీని చూసి, "అమ్మా, నువ్వు ఎక్కు, అది వద్దు" అని దండం పెట్టాడట. చివరికి ఆయన వెనకసీట్లో తలకు తువ్వాల చుట్టుకుని కూర్చుంటే బస్సు కదిలింది.

సుభద్ర ఆ రెండు రోజులూ అన్నం తినలేదు. "పెద్దమ్మకు పిచ్చి అనుకున్యా గానీ, ఇంత పగ అనుకోలేదు" అన్నాడు వరదరాజులు.

అనుకున్న రోజుకు శ్రీరంగమ్మ దిగింది, వెనకే కృష్ణస్వామి. ఆయన మంచి భోజనప్రియుడు. అరుగెక్కుతూనే అడిగాడు.

"ఏందీ, అన్నమయిందా? ఊరగాయ యాడ?"

"పెద్దత్త పరీక్షకు తీస్కపోయింది" అంది సుభద్ర.

శ్రీరంగమ్మ చేతిలో మూట జారిపడింది. "మా అమ్మ జాడీనా? బస్సులోనా? ఆ అక్కకు ఇంటిమీదపడి జాడీలు ఎత్తకపోయేంత ముదిరిందా! రానీ, ఈ పొద్దు తాడో పేడో తేల్చుకుంటా!"

తిట్లన్నీ యశోదమ్మకే పోతున్నాయని, తనకు ఒక్కటీ తగలడంలేదని సుభద్రకు అప్పుడే అనుమానం రావాల్సింది. భయంలో రాలేదు.

విస్తళ్లు వేసి, వడ్డన సగంలో ఉండగా యశోదమ్మ వచ్చింది. వెనక గురుస్వామి, జాడీని చేతులు చాచి దూరంగా పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని నడుస్తున్నాడు. అరుగుమీద దించి, వెనక్కి చూడకుండా పోయాడు.

"అక్కా, ఏమనుకుంటాండావ్ నువ్వు?" అని శ్రీరంగమ్మ లేచింది.

"పరీక్షయింది" అంది యశోదమ్మ. "తినొచ్చు."

కృష్ణస్వామికి ఆ మాట చాలు. అక్కల కొట్లాట సంగతి తరువాత చూడొచ్చని, గరిటెడు వేయించుకుని, నూనె పోయించుకుని, కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. సుభద్ర గోడకు ఆనుకుంది.

"అబ్బా!" అన్నాడు కృష్ణస్వామి. "అబ్బబ్బా! ఏం చెయ్యమ్మా నీది! ఇంకొంచెం వెయ్యి."

సుభద్ర వంగి వడ్డిస్తూ జాడీలోకి చూసింది. గరిటెలో ముక్కలతోపాటు నూనెలో నానిన శనగలు వచ్చాయి. తను శనగలు వేయలేదు. మెంతులూ వేయలేదు. తల ఎత్తి చూస్తే యశోదమ్మ దూలాలు లెక్కపెడుతున్నట్లు పైకప్పు చూస్తోంది.

"ఊరికే పొగడొద్దు కృష్ణా" అంది యశోదమ్మ. "ముక్క పెద్దదైపోయింది."

"ముక్క ఇట్లే ఉండల్ల అక్కా!"

"ఆవపిండి మెత్తగా దంచలేదు."

"పంటికి తగిలితేనే బాగుండేది!"

"మెంతులు ఎక్కువైనాయి. నాకైతే చేదు కొడ్తాంది."

"నీకు కుళ్లు అక్కా!" అని కృష్ణస్వామి విస్తరి మీద నుంచి చెయ్యెత్తి అరిచాడు. "ఇన్నేండ్ల నుంచి ఊళ్లో జాడీలన్నీ చెవి పెట్టి వింటాండావు, ఇట్లాంటి ఊరగాయ నువ్వు నీ జన్మలో పెట్టినావా?"

"యాడ పెట్టినాలేప్పా" అంది యశోదమ్మ వినయంగా.

సుభద్రకు నవ్వూ ఏడుపూ కలిసి దగ్గొచ్చింది. అంతలో శ్రీరంగమ్మ తనూ ఒక ముక్క కొరికి, మెల్లగా నమిలి, కోడలివైపు తిరిగింది. ఆమె గొంతులో మెప్పు ఉంది, దాని వెనక అనుమానమూ ఉంది.

"బాగుండాది. ఉప్పెంత పోసినావే అమ్మీ?"

 సుభద్ర గరిటెను జాడీలోనే వదిలేసింది. ఏ లెక్క చెప్పాలి? ఎక్కువ చెప్తే దొరికిపోతుంది, తక్కువ చెప్తే దొరికిపోతుంది. కృష్ణస్వామి కూడా నమలడం ఆపాడు.

"రుచికి తగినంత పోసింటాదిలే" అంది ఒక గొంతు.

వరదరాజులు ఎత్తిన ముద్ద ఎత్తినట్లే ఉండిపోయింది. శ్రీరంగమ్మ ఆ మాటన్నది ఎవరా అని చుట్టూ చూసి, చివరికి నమ్మలేక అడిగింది.

"అక్కా, నువ్వేనా?"

"ఆ, నేనే. ఏం, నేనంటే నోరు కాలుతాదా? కొందరికి చేతిలోనే కొలత ఉంటాది. నీ కోడలిది అట్లాంటి చెయ్యి. మజ్జిగ పోయండి, నాకు బస్సుకు టయిమైతాంది."

సుభద్ర బస్సుదాకా వెంట వెళ్లింది. దారిలో ఎవరూ లేనిచోట ఆగి అడిగింది.

"పెద్దత్తా, నా ఊరగాయ ఏం చేసినావు?"

"పూడ్చినా. కుందూ ఏటి పక్కన. ఇంగ ఆడ గడ్డి గూడా మొలవదు."

"మరి నీది మొత్తం మాకే పోసినావు. నీకో?"

"నాకు మెంతులు ఎక్కువైనాయని చెప్పినా కదా!" అని యశోదమ్మ కసిరింది. నాలుగడుగులు నడిచాక గొంతు తగ్గించింది. "చూడమ్మీ, ఊరగాయ చెడితే పూడ్చల్ల, దాంట్లో మొగమాటం లేదు. నేను వయసులో ఉండంగ ఊరగాయతో పాటు ఒక ఆడపిల్లను గూడా పూడ్చినా. ఒక పద్మమ్మ చాలు ఈ ఊరికి."

బస్సు కదిలాక కిటికీలో నుంచి తల బయటపెట్టి, దుమ్ములో అరిచింది. "వచ్చే ఏడు నేనుంటా పక్కన! ఉప్పు నా ముందర కొలుస్తావు! ఈ పొద్దు నేనన్న మాట నమ్ముకున్యావంటే విసనకర్రతో కొడ్తా!"

మరుసటి ఏడు మామిడికాయలు రాగానే యశోదమ్మ దిగింది. ఉప్పు సేరుతో కొలిపించింది. కలిపే సమయానికి మాత్రం "నాకు చెయ్యి నొప్పి" అని, వీధికి అడ్డంపడి ఎదురింటికి పోయి, రానంటే రానంటున్న పద్మమ్మను రెక్కపట్టి లాక్కొచ్చి జాడీ ముందర కూర్చోబెట్టింది. "కలుపు పద్మా. అడుగు నుంచి కలుపు." వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. పద్మమ్మ మొదట వేళ్ల చివర్లతోనే ముట్టుకుంది. తరువాత ఆమె చేతులు మోచేతులదాకా ఎర్రగా అయ్యాయి.

ఊరగాయ ఊరాక యశోదమ్మ మళ్లీ వచ్చింది. మోకాళ్లమీద కూర్చుని చెవి పెట్టింది. ఒకవైపు సుభద్ర, ఇంకోవైపు పద్మమ్మ. గుమ్మంలో శ్రీరంగమ్మ, ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లంతా. ఎవరూ దగ్గడంలేదు.

"ఏమంటాంది పెద్దత్తా?" అంది సుభద్ర.

యశోదమ్మ జాడీమీది గుడ్డను, చంటిపిల్లకు దుప్పటి సర్దినట్లు, మెల్లగా సర్దింది. తరువాత, ఆళ్లగడ్డ చివరదాకా వినబడేట్టు అరిచింది.

"నిద్రపోతాంది! పద్మమ్మ చేతి ఊరగాయ, హాయిగా నిద్రపోతాంది! ఎవురూ గట్టిగా మాట్లాడొద్దండి!"